గ్రాసీ నారోస్ పాదరసం: 1970లో ఆపేస్తే ఇప్పటికీ జబ్బులెందుకు?

మీ ప్రశ్నలో మూడు సంగతులున్నాయి. మీరు కెనడాలోని ఒంటారియోలో కెనోరా దగ్గర ఉంటున్నారు, వారాంతాల్లో స్నేహితులతో కలిసి చేపలు పడుతున్నారు, మీ ఆవిడకి ఇప్పుడు ఐదో నెల. పక్కనే ఉన్న గ్రాసీ నారోస్ ఆదివాసుల పాదరసం సంగతి చదివి అడిగారు: ఎప్పుడో 1970లో ఆపేసిన కాలుష్యానికి ఇప్పటి పిల్లలు ఎలా జబ్బు పడతారు, చేపలు తినడం మానేస్తే సరిపోదా, మీతో పనిచేసే ఒకాయన "అదంతా తాగుడు వల్లే" అన్నాడు, అందులో నిజం ఎంత అని. విషపదార్థాలు మనిషి ఒంట్లోకి ఎంత చేరాయో కొలిచే పనిలోనే నా ఉద్యోగ జీవితం గడిచింది. అందుకని కాస్త వివరంగా రాస్తాను. మీ ఇంటి సంగతి చివర్లో చెబుతాను, అది మాత్రం తప్పకుండా చదవండి.

ముందు జరిగింది ఏమిటో చూద్దాం. డ్రైడెన్ పట్టణంలో ఒక కాగితం మిల్లు ఉంది. కాగితాన్ని తెల్లగా చేయడానికి క్లోరిన్, కాస్టిక్ సోడా కావాలి. ఉప్పునీళ్లలో కరెంటు పంపి వాటిని తయారుచేసే ప్లాంటు మిల్లు పక్కనే పెట్టారు. ఆ పద్ధతిలో పాదరసాన్ని ఎలక్ట్రోడ్‌గా వాడతారు. 1962 నుంచి 1970 వరకు అక్కడి నుంచి సుమారు 9 టన్నుల పాదరసం వాబిగూన్ నదిలోకి వెళ్లింది. మిల్లు అప్పట్లో రీడ్ పేపర్ అనే బ్రిటిష్ కంపెనీ చేతిలో ఉండేది. నది వెంట వంద కిలోమీటర్లకు పైగా దిగువన గ్రాసీ నారోస్ ఉంది, ఇంకా కిందికి వెళితే వాబసీమూంగ్ ఉంది. రెండూ అనిషినాబె ప్రజల ఊళ్లే. గ్రాసీ నారోస్‌ని వాళ్ల భాషలో అసబ్‌పీస్కోసీవాగాంగ్ అంటారు.

అక్కడి చేపల్లో పాదరసం ఉందని ప్రపంచానికి తెలిసేలా చేసింది నార్వాల్డ్ ఫిమ్‌రైట్ అనే పరిశోధక విద్యార్థి. 1970లో ప్రభుత్వం చేపల వ్యాపారాన్ని ఆపించింది. పర్యాటకులు గాలం వేసి పట్టడాన్ని మాత్రం ఆపలేదు. ఊళ్లో మగవాళ్లలో చాలామంది ఆ పర్యాటకులకి గైడ్లుగా పనిచేసేవాళ్లు. మధ్యాహ్నం ఒడ్డున మంట వేసి, అప్పుడే పట్టిన వాలై చేపని వేయించి పెట్టడం గైడ్ పనిలో భాగం. వాళ్లతో పాటు గైడ్ కూడా తినేవాడు. పర్యాటకుడు వారం ఉండి వెళ్లిపోతాడు, గైడ్ మాత్రం వేసవంతా రోజూ తింటాడు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత చాలా పని ఉంది.

ఇక మీ మొదటి ప్రశ్న. పాదరసం మూలకం. కుళ్లదు, ఎండకి విరగదు, దాన్ని తిని అరిగించుకునే జీవి లేదు. నదిలో పడింది అడుగున బురదలో చేరుతుంది. గాలి అందని ఆ బురదలో సల్ఫేట్ మీద బతికే బ్యాక్టీరియా ఉంటాయి. అవి మామూలు పాదరసాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తాయి. అసలు ప్రమాదం ఈ రూపంతోనే. నాచు నుంచి పురుగుకి, పురుగు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి వెళ్లేకొద్దీ అది పేరుకుంటూ పోతుంది. నీళ్లు పరీక్షకి పంపితే దాదాపు ఏమీ తేలదు, అదే నీళ్లలోని వాలై చేప కండలో లక్షల రెట్లు ఉంటుంది. "నీళ్లు తేటగానే ఉన్నాయి కదా" అన్న మాట అందుకే ఏమీ తేల్చదు. వరద వచ్చి పాత బురద కదిలినప్పుడల్లా కొత్తగా కొంత సరుకు అందుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. మిల్లు మూతపడలేదు, పాదరసం వాడకం ఆగింది, అంతే. 2024లో వెస్టర్న్ యూనివర్సిటీకి చెందిన బ్రయన్ బ్రాన్‌ఫైరున్ ఊరివాళ్ల కోరిక మీద చేసిన అధ్యయనంలో తేలింది ఏమిటంటే, మిల్లు నుంచి ఇప్పుడు వచ్చే నీళ్లలోని సల్ఫేట్, సేంద్రియ పదార్థాలు ఆ బ్యాక్టీరియాకి మేతగా మారి, నదిలో మిథైల్ మెర్క్యురీ మరింత తయారయ్యేలా చేస్తున్నాయి. అంటే 1970లోనే అంతా ఆగిపోయిందన్న మాట సగమే నిజం.

ఒంట్లో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? ఇది నా పని కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. మెడ వెనక, తల చర్మానికి ఆనించి, చిన్న పాయ వెంట్రుకలు కత్తిరిస్తాం. కుదురు వైపు ఏదో గుర్తు ఉండేలా దారంతో కడతాం. అది తారుమారైతే నెలల లెక్క తలకిందులవుతుంది. వెంట్రుక నెలకి దాదాపు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. రక్తంలో ఉన్న పాదరసానికి సుమారు 250 రెట్లు వెంట్రుకలో నిలిచిపోతుంది. పాయని సెంటీమీటర్ చొప్పున ముక్కలు చేసి కొలిస్తే, కుదురు దగ్గరిది పోయిన నెల, తర్వాతిది దానికి ముందు నెల, అలా ఏడాది పొడుగునా మనిషి తిన్నది బయటపడుతుంది. గైడ్ల వెంట్రుకల్లో వేసవి చివర, శరత్కాలంలో పాదరసం పైకి లేచి, చలికాలంలో దిగేది. ఎవరు ఏం తిన్నారో నోటితో చెప్పక్కర్లేదు, నెలవారీగా అక్కడే ఉంటుంది.

1970 నుంచి 1997 వరకు కెనడా ప్రభుత్వం ఈ ఊళ్లలో వెంట్రుకలు, పుట్టిన బిడ్డల బొడ్డుతాడు రక్తం సేకరించి కొలుస్తూనే ఉంది. ఇన్నేళ్ల లెక్కలు చేతిలో ఉండి కూడా ఆ అంకెలకీ ఊరివాళ్ల జబ్బులకీ సంబంధం ఏమిటని దశాబ్దాల పాటు ఎవరూ గట్టిగా చూడలేదు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. కొలవడం రోగిని కాపాడటానికి. కొలిచి ఫైల్లో పెట్టేస్తే ఆ మనిషి ఒట్టి నమూనా అయిపోతాడు.

ఆ లెక్కలు చివరికి ఊరి చేతికి వచ్చాక ఏం బయటపడిందో చూడండి. మాంట్రియల్‌లోని క్యూబెక్ విశ్వవిద్యాలయానికి చెందిన డోనా మెర్గ్లర్ బృందం ఊరితో కలిసి పనిచేసింది. 2018లో వెలువడిన సర్వేలో తమ ఆరోగ్యం బాగుందని చెప్పినవాళ్లు గ్రాసీ నారోస్‌లో 21 శాతమే. ఒంటారియోలోని ఇతర ఆదివాసీ సమాజాల్లో ఆ సంఖ్య 40 శాతం దాకా ఉంది, ఆదివాసీలు కాని కెనడియన్లలో 60 శాతం. అంటే పేదరికం, వివక్ష, దూరాభారం అందరికీ ఉన్నా గ్రాసీ నారోస్‌లో అంతకు మించినది ఏదో ఉంది. 2020లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ పాత వెంట్రుకల అంకెలనే తీసుకుని, పాదరసం ఎక్కువగా ఉన్నవాళ్లు తొందరగా, అరవై ఏళ్లు నిండకుండానే పోయారని చూపించింది. 2023లో వచ్చిన మరో అధ్యయనం మూడు తరాలని వరసలో పెట్టి చూసింది: తాత గైడ్‌గా పనిచేశాడా, అమ్మ చిన్నతనంలో ఆమె ఒంట్లో పాదరసం ఎంత ఉంది, ఆమెకి ఇప్పుడు నరాల లక్షణాలు, మానసిక వేదన ఎంత, గర్భంతో ఉండగా ఆమె చేపలు తిన్నదా, ఆమె పిల్లల్లో ఆత్మహత్యా ప్రయత్నాలు ఏ మేరకు ఉన్నాయి. ఈ గొలుసులో ఒక కొస నుంచి ఇంకో కొసకి సంబంధం దొరికింది. ఇప్పటి పిల్లలు ఎలా జబ్బు పడతారు అన్న మీ ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మిథైల్ మెర్క్యురీ మావిని (ప్లాసెంటాని) దాటి బిడ్డకి చేరుతుంది. బొడ్డుతాడు రక్తంలో తల్లి రక్తంలో కన్నా ఎక్కువే ఉంటుంది. పెద్దవాళ్ల మెదడు తట్టుకునే మోతాదుని అప్పుడే తయారవుతున్న మెదడు తట్టుకోలేదు.

తాగుడు మాటకి వద్దాం. ఆ మాట కొత్తది కాదు. 1970ల్లో కొందరు డాక్టర్లు కూడా అదే అన్నారు. ఎందుకంటే మిథైల్ మెర్క్యురీ చిన్నమెదడుని దెబ్బతీస్తుంది, అప్పుడు మనిషి తూలుతూ నడుస్తాడు, మాట ముద్దగా వస్తుంది, చెయ్యి వణుకుతుంది. దూరం నుంచి చూసేవాడికి తాగినట్టే ఉంటుంది. దగ్గర కూర్చోబెట్టి పరీక్షిస్తే తేడా తెలుస్తుంది. రోగిని ఎదురుగా కూర్చోబెట్టి, "నా ముక్కు వైపే చూడండి" అని చెప్పి, రెండు చేతుల వేళ్లు ఆడిస్తూ అతని చెవుల పక్క నుంచి నెమ్మదిగా ముందుకు తెస్తారు. మామూలు మనిషికి వేళ్లు చెవికి కాస్త ముందుకి రాగానే కనపడతాయి. ఈ రోగి, వేళ్లు దాదాపు ముఖం ముందుకి వచ్చాక గానీ "కనిపించింది" అనడు. చూపు చుట్టూతా మూసుకుపోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్య భాగమే మిగులుతుంది. తర్వాత సన్నటి నైలాన్ పోగుతో పెదవుల చుట్టూ, వేళ్ల కొసల మీద తాకి చూస్తారు. స్పర్శ తెలియదు. చూపు ఇలా కుంచించుకుపోవడం, పెదవుల చుట్టూ తిమ్మిరి, ఇవి కలిసి రావడం తాగుడుకి చెందిన లక్షణం కాదు. జపాన్‌లోని మినమాటాలో 1956లో బయటపడిన జబ్బులో డాక్టర్లు చూసినవి ఇవే. అక్కడి రోగులని ఏళ్ల తరబడి చూసిన డాక్టర్ హరడా మసజుమి 1975లో గ్రాసీ నారోస్‌కి వచ్చి ఇవే లక్షణాలు చూశాడు, ఆ తర్వాత కూడా పలుమార్లు వచ్చాడు.

అయితే ఆ ఊళ్లో తాగుడు సమస్య లేదని నేను చెప్పడం లేదు. 1963లో, అంటే పాదరసం వదలడం మొదలైన కొద్దికాలానికే, ప్రభుత్వం వాళ్లని పాత ఊరు ఖాళీ చేయించి రోడ్డు దగ్గర కొత్త చోటికి మార్చింది. ఏడేళ్లకి చేపల వ్యాపారం మీద ఉన్న పని పోయింది. తరాల నాటి విద్య, గైడ్‌గా ఉండే మర్యాద, నెల జీతం ఒకదాని వెనక ఒకటి పోతే ఏ ఊరైనా కుదేలవుతుంది. తాగుడుని కారణంగా చూపేవాళ్లు ఈ వరస చూడరు. ముందు నది పోయింది, మిగిలినవి దాని వెనకే వచ్చాయి. మీ సహోద్యోగితో తగువు పెట్టుకోమనను, కానీ ఆ చూపు పరీక్ష సంగతి మాత్రం ఆయనకి చెప్పండి.

"చేపలు మానేస్తే సరిపోదా" అన్నది మంచి మనసుతో అడిగిన ప్రశ్నే, నాకు తెలుసు. ఉత్తరాదిన ఉన్న మారుమూల ఊరికి సరుకులు చాలా దూరం నుంచి వస్తాయి, తాజా కూరగాయలు, మాంసం ఖరీదు. చేప మానేసిన ఇంట్లోకి దాని బదులు వచ్చేది డబ్బా తిండి, తీపి పానీయాలు, దాంతో షుగర్ జబ్బు. పైగా చేప వాళ్లకి తిండి ఒక్కటే కాదు. తాత మనవడికి నేర్పే పని, ఇరుగుపొరుగుకి పంచే పద్ధతి, 1873లో కుదిరిన మూడో నంబరు ఒప్పందంలో రాసిచ్చిన వేట, చేపల హక్కు, అన్నీ అందులోనే ఉన్నాయి. నదిలో విషం పోసినవాడి చేత శుభ్రం చేయించకుండా, తినేవాడిని తినొద్దనడం అంటే శిక్ష బాధితుడికి వేసినట్టు. సలహాగా అది కొంతవరకు పనికొస్తుంది, పరిష్కారంగా ఎప్పటికీ పనికిరాదు.

పరిహారం సంగతి కూడా ఇదే తీరు. 1985లో ఒప్పందం కుదిరింది, రెండు ఊళ్లకీ కలిపి సుమారు 1.67 కోట్ల కెనడియన్ డాలర్లు. మరుసటి ఏడాది ఒక వైకల్య బోర్డు పెట్టి, పాదరసం లక్షణాలకి మార్కులు వేసి, నెలకి 250 నుంచి 800 డాలర్ల దాకా ఇచ్చే పద్ధతి తెచ్చారు. ధరలు ఎన్ని రెట్లు పెరిగినా ఆ మొత్తం దశాబ్దాల పాటు పెరగలేదు, 2018లో గానీ ధరలకి తగ్గట్టు పెంచుతామని ఒంటారియో ఒప్పుకోలేదు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో చాలామందికి తిరస్కారమే వచ్చింది. అంచెలంచెలుగా పెరిగే నరాల జబ్బు ఫలానా విషం వల్లే వచ్చిందని, విషం ఒంట్లోంచి వెళ్లిపోయిన చాలా ఏళ్లకి, రోగే నిరూపించుకోవాలి. రక్తంలో మిథైల్ మెర్క్యురీ దాదాపు 50 రోజులకి సగమవుతుంది. పదేళ్ల తర్వాత రక్తం తీస్తే ఆనవాలు దొరకదు, మెదడులో చచ్చిన కణాలు మాత్రం తిరిగి రావు. ఇది తెలిసిన ఏ వైద్యుడూ రుజువు భారం రోగి మీద పెట్టకూడదు. ఏ ప్రజారోగ్య శాఖా పెట్టకూడదు. నా వృత్తిలో నేను గట్టిగా నమ్మే మాట ఇది: ఫలానా చోట విషం కలిసిందని తెలిశాక, అక్కడి వాళ్ల జబ్బు దానివల్ల కాదని చూపించాల్సిన బాధ్యత విషం వదిలినవాళ్లది, వాళ్లని వదలనిచ్చిన ప్రభుత్వానిది.

పోరాడింది ఊరివాళ్లే. 2002 డిసెంబరులో అడవి నరికే లారీలు వెళ్లకుండా స్లాంట్ లేక్ దగ్గర రోడ్డుకి అడ్డంగా నిలబడ్డారు. మొదలుపెట్టింది యువత. చెట్లు నరికితే నేలలోని పాదరసం కూడా కొట్టుకొచ్చి నదిలో చేరుతుందని వాళ్ల ఆందోళన, అది సైన్సుకి సరిపోయే మాటే. నాయకుడు స్టీవ్ ఫోబిస్టర్ తనే పాదరస బాధితుడై ఉండి 2014లో నిరాహార దీక్షకి కూర్చున్నాడు. 2018లో ఆయన చనిపోయాడు. 2017లో ఒంటారియో నది శుభ్రం చేయడానికి 8.5 కోట్ల డాలర్లు కేటాయిస్తామంది, అదే ఏడాది కేంద్ర ప్రభుత్వం ఊళ్లోనే పాదరస బాధితుల వైద్య కేంద్రం కడతామని మాటిచ్చింది. 2024 జూన్‌లో గ్రాసీ నారోస్ ఈ రెండు ప్రభుత్వాల మీదా కోర్టుకెక్కింది.

ఇక మోతాదు లెక్క. మీకూ పనికొస్తుంది, మన ఊళ్ల గురించి ఆలోచించేవాళ్లకీ పనికొస్తుంది. కెనడాలో అమ్మకానికి వచ్చే చాలా చేపల్లో పాదరసం కిలోకి అర మిల్లీగ్రాము దాటకూడదని నిబంధన. గర్భం దాల్చే వయసు స్త్రీలకి, పిల్లలకి రోజుకి కిలో బరువుకి 0.2 మైక్రోగ్రాములు మించకూడదంటారు. 60 కిలోల మనిషికి రోజుకి 12 మైక్రోగ్రాములు. నిబంధన అంచున ఉన్న చేప 200 గ్రాములు తింటే 100 మైక్రోగ్రాములు లోపలికి వెళ్లినట్టు, అంటే ఎనిమిది రోజుల కోటా ఒక్క పూటలో అయిపోయింది. 1970లో ఆ నదీ ప్రాంతంలోని కొన్ని చేపల్లో కిలోకి 10 మిల్లీగ్రాములు దాటింది. అలాంటి చేప 200 గ్రాములు తింటే అయిదు నెలల పైచిలుకు కోటా. గైడ్ రోజూ తిన్నాడు. నిబంధన రాసినవాడి మనసులో ఉన్నది వారానికోసారి చేప కొనుక్కునే పట్నవాసి. నది మీద, అడవి మీద బతికే మనిషి ఆ లెక్కలో లేడు.

నల్లమలలో చెంచుల సంగతి నాకు గుర్తొచ్చేది ఇక్కడే. 2019లో అమ్రాబాద్ ప్రాంతంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన మీద పెద్ద వ్యతిరేకత వచ్చి, ఆ సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. యురేనియం వేరు, పాదరసం వేరు. కానీ వాగు నీళ్లు తాగి, అడవి గడ్డలు, తేనె తినే మనిషికి ఎంత చేరుతుందో పట్నం మనిషి కొలతతో లెక్కగడితే అక్కడా అదే తప్పు జరుగుతుంది. గని గానీ ఫ్యాక్టరీ గానీ వచ్చేలా ఉంటే, అది రాకముందే నీళ్లు, మట్టి, మనుషుల రక్తం, వెంట్రుకల లెక్క తీసి ఒక ప్రతి ఊరి దగ్గరే ఉంచుకోవాలి. కెనడా ఆదివాసులు పరిశోధకులకి ఇప్పుడు ఇదే షరతు పెడుతున్నారు: మా ఒంటి సమాచారం మాది, దాని మీద అదుపు మాది, అది మాకు అందుబాటులో ఉండాలి, మా దగ్గరే ఉండాలి అని. పాతికేళ్ల లెక్కలు వేరేవాళ్ల బీరువాలో ఉండిపోతే ఏమవుతుందో చూశాక పెట్టిన షరతు అది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. ఒంటారియో ప్రభుత్వం ఏ సరస్సులో, ఏ రకం చేప, ఎంత పొడవుంటే నెలకి ఎన్నిసార్లు తినొచ్చో చెప్పే పట్టిక పెట్టింది. అందులో గర్భం దాల్చే వయసు స్త్రీలకి, పిల్లలకి విడిగా లెక్క ఉంటుంది. మీ ఆవిడ కోసం ఆ గడే చూడండి, మీది చూడొద్దు. పట్టిన చేపని టేపుతో కొలవండి. పెద్ద వాలై, పైక్ లాంటి వేటాడే చేపల్లో ఎక్కువ ఉంటుంది, వైట్‌ఫిష్ లాంటి వాటిలో సాధారణంగా తక్కువ. పాదరసం కండలోని ప్రోటీన్‌కి అంటుకుని ఉంటుంది, కొవ్వులో కాదు. కాబట్టి చర్మం, కొవ్వు తీసేస్తే పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఉప్పు, పసుపు వేసి ఎన్నిసార్లు కడిగినా, చింతపండు పులుసులో ఎంతసేపు ఉడికించినా తగ్గదు. వాబిగూన్, ఇంగ్లిష్ నదుల వైపు పట్టినవి ఈ నెలల్లో ఆమెకి అసలు పెట్టకండి. అంతమాత్రాన చేపలన్నీ మాన్పించకండి, బిడ్డ మెదడుకి చేప నూనె మంచిదే. దుకాణంలో దొరికే సార్డిన్, సాల్మన్ వారానికి రెండుసార్లు నిశ్చింతగా తినొచ్చు. ఇప్పటిదాకా ఎక్కువగా తిన్నదని టెన్షన్‌గా ఉంటే, డాక్టర్ని అడిగి రక్తంలో పాదరసం పరీక్ష చేయించండి. లీటరుకి 8 మైక్రోగ్రాముల లోపు ఉంటే గర్భిణికి సరే అంటారు. దాటితే చేప మార్చి, కొన్ని వారాలాగి మళ్లీ చూపించండి. ఆ కాగితం ఒకటి మీ దగ్గరే దాచుకోండి.